జబ్బు గొట్టానిది, మందు మోటారుకు

“మా చిమ్నీ సరిగా లాగడం లేదండీ” అంటే ఎదుటివాళ్లు వేసే మొదటి ప్రశ్న, ఏ కంపెనీ అని. రెండోది, ఎంత సక్షన్ అని. మూడోది, కొని ఎన్నేళ్లయిందని. గొట్టం ఎన్ని అంగుళాలు, ఎన్ని మెలికలు తిరిగింది, బయట ఎక్కడ తేలింది అని అడిగేవాళ్లు నూటికో కోటికో ఒకరు. చివరికి అందరూ కలిసి మోటారు పనైపోయిందని తేలుస్తారు. ఇంకా పెద్దది కొంటారు. దాన్ని తెచ్చి పాత గొట్టానికే తగిలిస్తారు. మూడు నెలలు బాగున్నట్టే ఉంటుంది. తర్వాత వంటింట్లో ఎండుమిర్చి పోపు పడితే హాల్లో కూర్చున్నవాళ్లు దగ్గడం మళ్లీ మొదలు.

వంటింటి చిమ్నీలో చాలా అరుదుగా చెడేది మోటారు. తరచుగా చెడేది, ఇంకా మాట్లాడితే బిగించిన రోజే చెడి ఉండేది, గొట్టం. అటక మీద చెక్కల వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి దాని మీద అనుమానం రాదు. మెరుస్తూ కళ్లెదుట వేలాడేది యంత్రం కాబట్టి తిట్లన్నీ దానికే.

పెట్టె మీద వేసే 1200, 1400 అంకెల సంగతి ముందు చూద్దాం. గంటకు అన్ని ఘనపు మీటర్ల గాలిని తోస్తుందని వాటి అర్థం. అంకె అబద్ధం కాదు, కానీ గాలికి ఏ అడ్డూ లేనప్పటి లెక్క అది. నీళ్ల మోటారుకు డెలివరీ పైపు పీకేసి, గట్టు మీదే గంటకు ఇన్ని లీటర్లు పోసిందని చెప్పినట్టు. మూడో అంతస్తు ట్యాంకులోకి ఎన్ని ఎక్కుతాయన్నది పైపును బట్టి ఉంటుంది. చిమ్నీ కూడా అంతే. గొట్టం అడ్డుపడే కొద్దీ గాలి తగ్గుతూ పోతుంది, పూర్తిగా మూస్తే సున్నా. ఆ రెండు కొసల మధ్య ఎక్కడ పనిచేస్తుందో తేల్చేది గొట్టమే.

అసలు మనకు కావలసింది ఎంత? 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వంటిల్లు 800 ఘనపు అడుగులు, అంటే సుమారు 22.6 ఘనపు మీటర్లు. గంటకు 15 సార్లు గదిలో గాలంతా మారాలనుకున్నా 340 ఘనపు మీటర్లు చాలు. వేపుళ్లు, బజ్జీలు, చేపల పులుసు అన్నీ లెక్కలో వేసుకుని దాన్ని రెట్టింపు చేసినా 700 దాటదు. 1200 అని రాసున్న యంత్రం నిజంగా 1200 లాగితే గంటకు 53 సార్లు గది ఖాళీ అవుతుంది. అయినా మన ఇళ్లలో పొగ మిగులుతోందంటే యంత్రం చిన్నదై కాదు, దారి ఇరుకై.

ఇరుకు ఎంత నష్టమో కంటికి ఆనదు. పెద్ద చిమ్నీలకు నోరు సాధారణంగా 6 అంగుళాలు, 150 మిల్లీమీటర్లు. గోడకు బిల్డరు వదిలిన కన్నం 4 అంగుళాలే ఉంటే, బిగించే కుర్రాడు పెద్ద గొట్టాన్ని చిన్నదానికి కలిపే ఒక రెడ్యూసర్ పెట్టి పని కానిచ్చేస్తాడు. 6లో మూడో వంతే కదా తగ్గింది అనిపిస్తుంది. వైశాల్యం లెక్కేస్తే 28 చదరపు అంగుళాల దారి పన్నెండున్నరకు పడిపోయింది, సగానికి తక్కువ. రాపిడి ఇంకా ఘోరం. అంతే గాలిని అంతే పొడవు గొట్టంలోంచి పంపాలంటే అడ్డు దాదాపు ఏడున్నర రెట్లవుతుంది. 5 అంగుళాలకు దించినా రెండున్నర రెట్లు. ఇంత అడ్డును ఎదిరించే శక్తి ఇంటి చిమ్నీ మోటారుకు లేదు. అందుకే 1400 కొన్నా 1000 కొన్నా 4 అంగుళాల గొట్టం వెనక రెండూ ఒకేలా నీరసంగా లాగుతాయి. తేడా మోతలోనే తెలుస్తుంది.

గొట్టం రకం సంగతికొస్తే, మన దగ్గర ఎక్కువగా వాడేది ముడతలుండే అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు. బిగించడం తేలిక, ఎటు కావాలంటే అటు వంగుతుంది. ఆ సుగుణమే దాని అవలక్షణం. 10 అడుగుల పైపు తెచ్చి, 5 అడుగుల దూరానికి కత్తిరించకుండా మొత్తం కుక్కేస్తారు, ‘మిగిలితే ఉండనీ’ అని. నొక్కుకుపోయిన ముడతల్లో ప్రతి మడతా గాలికి ఒక గట్టు, నూనెకు ఒక గిన్నె. అదే పైపును నిండా సాగదీసి, అవసరమైన పొడవుకు కోసి బిగిస్తే అడ్డు సగానికి సగం తగ్గుతుంది. జింకు పూత వేసిన నున్నటి ఇనుప పైపు (జీఐ) దొరికితే ఇంకా మంచిది. కొందరు పీవీసీ వాడతారు. లోపల నునుపే, కానీ వేడికి మెత్తబడే సరుకు, గొట్టంలో జిడ్డుకు నిప్పంటుకుంటే మండి విషపు పొగ వదిలే సరుకు. పొయ్యి మీద దాన్ని పెట్టడం నాకు నచ్చదు.

90 డిగ్రీల మలుపు ఒక్కోటి కొన్ని అడుగుల నిటారు గొట్టంతో సమానం. మొత్తం పొడవు 10 అడుగుల లోపు, మలుపులు రెండుకు మించకుండా ఉంటే ఏ మోస్తరు చిమ్నీ అయినా బాగా పనిచేస్తుంది. తప్పనిసరి మలుపును ఒక్కసారిగా విరచకుండా, రెండు 45 డిగ్రీల వంపులుగానో, ఒక పెద్ద గుండ్రటి వంపుగానో తిప్పాలి. అడ్డంగా పోయే భాగం బయటి వైపుకు కాస్త వాలుగా ఉండాలి, అడుగుకు పావు అంగుళం చాలు. వాలు లోపలికి ఉంటే చల్లబడిన ఆవిరీ నూనే కలిసి వెనక్కి కారతాయి. పొయ్యి మీద పసుపు చుక్కలు పడుతున్నాయని మోటారు విప్పించుకునే ఇళ్లలో చాలాసార్లు అసలు సంగతి ఈ వాలే.

గొట్టాన్ని మర్చిపోవడం మనకు కొత్తేం కాదు. పెంకుటిళ్లలో పొయ్యికి ఎదురుగా పైన పొగగూడు వదిలేవారు. దానికి యంత్రం లేదు, వేడికి పైకి లేచే పొగకు దారి ఇచ్చారంతే. 1950ల తొలినాళ్లలో హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు పొగగొట్టంతో కూడిన మట్టి పొయ్యిని రూపొందించారు. ఆ సంస్థ పేరు మీదే దానికి హెర్ల్ చుల్హా అన్న పేరొచ్చింది. తర్వాత 1980ల్లో ప్రభుత్వం పొగలేని పొయ్యిల పథకం పెట్టి ఊరూరా సిమెంటు గొట్టాల పొయ్యిలు కట్టించింది. వాటిలో చాలా పొయ్యిలను మూలన పడేసిన కారణాల్లో ఒకటి, గొట్టంలో పేరుకున్న మసిని ఎవరూ దులపకపోవడం. మసి పేరుకుంటే పొగ వెనక్కి తిరుగుతుంది, పొగ వెనక్కి తిరిగితే పొయ్యి చెడ్డదంటారు. మసి పోయి జిడ్డు వచ్చింది, తిట్టు మాత్రం మారలేదు.

ఈ జిడ్డు గొట్టంలోకి ఎలా చేరుతుందో తెలిస్తే ‘ఆటో క్లీన్’ అన్న మాట మీద భ్రమ పోతుంది. మూకుడులోంచి లేచే నూనె రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి సన్నటి తుంపర్లు. బాఫిల్ ఫిల్టర్‌లో స్టీలు పలకలు వంపులు తిరిగి ఉంటాయి. గాలి ఆ వంపుల్లో తిరుగుతుంది, బరువున్న తుంపర తిరగలేక పలకకు కొట్టుకుని కిందికి జారుతుంది. రెండోది ఆవిరి. దానికి పలకలతో పని లేదు, గాలితోపాటే దాటిపోయి చల్లటి గొట్టం గోడ మీద పేరుకుంటుంది. ఫిల్టర్ లేని చిమ్నీలో తుంపర్లు కూడా నేరుగా గాలిని తోసే చక్రమైన బ్లోవర్‌కే తగులుతాయి. అది విసురుగా తిరుగుతూ వాటిని పక్క గోడకు చిమ్ముతుంది, అవి కారి నూనె కప్పులోకి చేరతాయి. ఆటో క్లీన్ బటన్ నొక్కితే జరిగేది, ఆ బ్లోవర్ గూడు చుట్టూ ఉన్న హీటర్ పది పదిహేను నిమిషాలు వేడెక్కి, అంటుకున్న నూనెను కరిగించి కప్పులోకి కార్చడం. గొట్టం జోలికి అది పోదు. ఫిల్టర్ ఉన్న మోడల్ అయితే ఫిల్టర్ జోలికీ పోదు.

పైగా అది కరిగించేది పచ్చి జిడ్డునే. వంటనూనె వేడికీ గాలికీ వారాల తరబడి ఆరితే బంకై, ఆపైన వార్నిష్ లాంటి పొరై గట్టిపడుతుంది. మూకుడు అడుగున, పెనం అంచున నల్లగా పెచ్చుకట్టేది అదే. దాన్ని మళ్లీ వేడి చేస్తే కరగదు, ఇంకా గట్టిపడుతుంది. పొద్దుతిరుగుడు నూనె ఇందులో వేరుశనగ నూనెకంటే చురుకు, త్వరగా బంకవుతుంది. కాబట్టి ఆటో క్లీన్ బటన్‌ను ఆరు నెలలకోసారి గుర్తొచ్చినప్పుడు నొక్కితే ఫలితం సున్నా. పది పదిహేను రోజులకోసారి నొక్కితేనే దానికి పని ఉంటుంది. కప్పును కూడా చూస్తుండాలి. నెలంతా రోజూ వేపుళ్లు చేసినా కప్పు పొడిగా ఉందంటే సంతోషించకండి. నూనె కారే సన్నటి దారి బంకతో మూసుకుపోయి ఉంటుంది.

ఫిల్టర్ కడగడం నెలకోసారి అని పుస్తకంలో రాస్తారు. మన వంటకు ఆ గడువు చాలదు. రోజూ రెండుసార్లు పోపు పడే ఇంట్లో రెండు వారాలకోసారి, పండక్కి అరిసెలో జంతికలో చేసిన మర్నాడు తప్పనిసరిగా. పని పెద్దదేం కాదు. ప్లాస్టిక్ టబ్బులో చెయ్యి పట్టలేనంత వేడి నీళ్లు 5 లీటర్లు, అందులో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా, రెండు చెంచాల గిన్నెల లిక్విడ్. స్టీలు బాఫిల్ అరగంట నాననిచ్చి పాత టూత్‌బ్రష్‌తో పలకల సందులు తోమాలి. స్టీలు పీచు వద్దు, గీతలు పడితే తర్వాత జిడ్డు ఆ గీతల్లోనే పట్టుకుంటుంది. కడిగాక నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా పెడితే ఆ చెమ్మ బ్లోవర్‌లోకే పోతుంది. కుంకుడుకాయ రసం బాగా పనిచేస్తుందనేవాళ్లున్నారు. రెండు వారాల జిడ్డుకు నిజమే, ఆరు నెలల జిడ్డుకు కాదు.

జల్లెడలా పొరలు పొరలుగా ఉండే అల్యూమినియం ఫిల్టర్ అయితే సోడా వద్దు, లిక్విడ్‌తోనే సరిపెట్టాలి. వేడి సోడా నీళ్లలో అల్యూమినియం నల్లబడుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం కాస్టిక్ సోడా. ‘డీప్ క్లీనింగ్’ పేరుతో వచ్చేవాళ్లు కొందరు డబ్బాలో తెచ్చేది అదే. స్టీలు మీద జిడ్డును చిటికెలో లేపుతుంది, అందుకే దానికంత పేరు. అల్యూమినియానికి తగిలితే బుసబుస పొంగి, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వదులుతూ లోహాన్నే తినేస్తుంది. కొన్ని చిమ్నీల్లో బ్లోవర్ చక్రం, గూడు అల్యూమినియమే. తళతళలాడుతూ తిరిగొచ్చిన చక్రం ఒక వైపు పలచబడి, బరువు తప్పి, నెల తిరక్కుండా ఊగడం మొదలుపెడుతుంది. మెకానిక్ చేతిలో డబ్బా చూడగానే ‘ఇందులో ఏముంది’ అని అడగడం మర్యాదకు భంగమేం కాదు.

ఇక లాగడం తగ్గినప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం. దీనికి మెకానిక్ అక్కర్లేదు, అరగంట తీరిక, ఒక స్టూలు, ఒక స్క్రూడ్రైవర్ చాలు. చిమ్నీని అన్నిటికంటే పెద్ద స్పీడులో పెట్టి దినపత్రిక సగం పేజీని ఫిల్టర్‌కు అడుగున ఆనించండి. అతుక్కుని నిలబడితే యంత్రమూ గొట్టమూ బాగానే ఉన్నట్టు, పొగ మిగలడానికి కారణం గదిలో వెతకాలి, దాని గురించి కింద చెబుతాను. కాగితం జారిపోతే ఫిల్టర్ తీసేసి గాలి లాగుడు చేత్తో చూడండి. ఒక్కసారిగా పెరిగితే దోషం ఫిల్టర్‌ది. ఏ మార్పూ లేకపోతే అసలు పరీక్షకు దిగాలి. గోడ దగ్గర మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పైనున్న స్టీలు కవర్‌కు ఉండే రెండు స్క్రూలు విప్పితే గొట్టం మెడ కనిపిస్తుంది. క్లాంపు వదులు చేసి గొట్టాన్ని పక్కకు లాగి, మళ్లీ ప్లగ్గు పెట్టి నడపండి. మెడలోంచి గాలి జుట్టు చెదిరేలా కొట్టిందా, మీ యంత్రం ఆరోగ్యంగా ఉంది, జబ్బు గొట్టానిదే. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా మోటారు మార్చమన్నవాళ్ల మాట నమ్మకండి.

చెవితో కూడా కొంత పట్టుకోవచ్చు. దారి మూసుకుపోతే మోటారు మూలుగుతుందని అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. ఈ రకం బ్లోవర్ తోసే గాలి తగ్గితే దాని మీద బరువు కూడా తగ్గుతుంది, చక్రం ఇంకాస్త వేగంగా తిరుగుతుంది, మోత సన్నగా పైకి లేస్తుంది. వాక్యూమ్ క్లీనర్ మూతికి అరచెయ్యి అడ్డం పెడితే వినిపించే కీచు గొంతు అదే. ‘సౌండు బాగా వస్తోంది, మోటారు స్ట్రాంగే, కానీ పొగ పోవట్లేదు’ అని ఎవరైనా అంటే గొట్టం మూసుకుందని అక్కడే చెప్పేయొచ్చు.

మూసుకునేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, మెడలో ఉండే ప్లాస్టిక్ రెక్కలు. చిమ్నీ ఆపినప్పుడు బయటి గాలి, బొద్దింకలు లోపలికి రాకుండా మూసుకునే అర్ధచంద్రాకారపు రెండు రెక్కలవి. జిడ్డు పట్టి సగంలో ఆగిపోతాయి. కొత్త చిమ్నీలోనూ రెక్కలు తెరుచుకోని సందర్భాలుంటాయి. గొట్టం ఊడకుండా మెడకు బిగించిన స్క్రూ అర అంగుళం కంటే పొడుగైతే లోపలికి పొడుచుకొచ్చి రెక్కకు అడ్డం నిలుస్తుంది. రవాణాలో కదలకుండా వేసిన టేపు పీకకుండానే బిగించేసిన చిమ్నీలూ ఉంటాయి. వేలితో రెక్కను ఆడించి చూస్తే తెలిసిపోతుంది. రెండోది, గొట్టం బయటి కొస. పావురాలకు భయపడి దోమల జాలీ కొడతారు. ఆ సన్న జాలీకి నూనె పట్టి, దానికి దుమ్ము పట్టి, ఆరు నెలల్లో రొట్టెలా తయారవుతుంది. పక్షిని ఆపడానికి అర అంగుళం కళ్లున్న జాలీ చాలు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో పావురం అర అంగుళం సందులో దూరలేదు గానీ, జాలీయే లేకపోతే మీరు వేసవి సెలవులకు ఊరెళ్లొచ్చేలోపు గూడు కట్టి గుడ్లు పెట్టేస్తుంది.

అపార్టుమెంట్ డక్ట్ అని పిలిచే నిలువు గుంతలోకి గొట్టాన్ని వదిలేవాళ్లకు ఇంకో చిక్కు. ఆ గుంత పైన తెరిచి ఉంటే ఫరవాలేదు. వానకని పైన రేకు కప్పేస్తే ఐదంతస్తుల పోపుల ఘాటూ అందులోనే తిరుగుతుంది, ఎవరి చిమ్నీ ఆపి ఉంటే వాళ్ల ఇంట్లోకి దూరుతుంది. అప్పుడు మీ గొట్టం ఎంత బాగున్నా లాభం లేదు. అసోసియేషన్‌తో మాట్లాడి రేకును అడుగున్నర పైకి లేపించి నాలుగు వైపులా ఖాళీ ఉంచడమే మందు.

గొట్టం లోపల జిడ్డు పేరుకున్న ఫ్లెక్సిబుల్ పైపును కడగాలని చూడకండి. ముడతల్లో బ్రష్ పోదు, పోయినా పైపు చిరుగుతుంది. రెండు మూడేళ్లకోసారి మార్చేయడమే. మొత్తం చిమ్నీలో చవకైన భాగం అది. బిగించేటప్పుడు రెండు కొసలా స్టీలు క్లాంపు, దాని మీద అల్యూమినియం టేపు. బ్రౌన్ ప్యాకింగ్ టేపు వేడికి నెలలో ఊడిపోతుంది. జిడ్డు గొట్టాన్ని వదిలేస్తే గాలి తగ్గడంతో పోదు, నిప్పు పట్టే గుణం కూడా ఉంది. గిన్నె దించాక మంటను ఖాళీగా వదిలేసే అలవాటు, చిమ్నీ కింద నూనె అంటుకునేంత కాగబెట్టే అలవాటు ఉన్న ఇంట్లో ఇది ఊరికే భయపెట్టే మాట కాదు.

మోటారు నిజంగా చెడితే ఎలా తెలుస్తుంది? స్విచ్ వెయ్యగానే ‘మ్‌మ్’ అని మూలుగుతూ తిరగకుండా ఉండిపోతే, మామూలు మోటారులో తొంభై పాళ్లు అది కెపాసిటర్. సీలింగ్ ఫ్యాన్‌కు వచ్చే జబ్బే. పాత దాని మీద ఎన్ని మైక్రోఫారడ్లు అని రాసుందో అన్నే ఉన్నది వెయ్యాలి. వోల్టేజీ అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ పనికిరాదు. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, మీటరు పట్టుకోవడం అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మేలు. బీఎల్‌డీసీ మోటారుకు (బ్రష్‌లు లేకుండా ఎలక్ట్రానిక్ బోర్డు నడిపే రకం) ఈ కెపాసిటర్ ఉండదు, అక్కడ చెడేది బోర్డు. నడుస్తూ నడుస్తూ పావుగంటకు ఆగి, చల్లబడ్డాక మళ్లీ తిరిగితే లోపలి వేడి కటాఫ్ పనిచేస్తోందని అర్థం. చక్రం జిడ్డుతో బిగిసిందో, బేరింగు ఎండిందో చూడాలి. చిమ్నీ మొత్తం వణికితే బ్లోవర్ చక్రానికి ఒక పక్క జిడ్డు గడ్డకట్టి ఉంటుంది. చక్రాన్ని విప్పి కడగాలి. చాలా మోడళ్లలో ఆ చక్రం నట్టు ఎడమ మర, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. బలం చూపించి మర తెగ్గొట్టుకున్నాక మోటారు షాఫ్ట్ మార్చక తప్పదు. మోటారు మీద మాత్రం నీళ్లు, స్ప్రేలు కొట్టకూడదు.

టచ్ ప్యానెల్, చెయ్యి ఊపితే ఆన్ అయ్యే సెన్సార్ ఇవన్నీ నాకు అనవసరపు సొబగులే. ఆవిరి, జిడ్డు పొర పట్టగానే రాత్రి రెండింటికి దానంతటదే మోగడం మొదలవుతుంది. నొక్కుడు బటన్ల చిమ్నీని వీధి చివర ఎలక్ట్రీషియన్ కూడా బాగుచేస్తాడు. టచ్ బోర్డు పోతే కంపెనీ గుమ్మం ఎక్కాల్సిందే.

కాగితం అతుక్కున్నా పొగ మిగిలితే గదిలో వెతకాలన్నాను కదా. మొదట ఎత్తు. బర్నర్ పై నుంచి చిమ్నీ అడుగు దాకా 26 నుంచి 30 అంగుళాలు. అంతకు మించి పైన బిగిస్తే పొగ అక్కడికి చేరేలోపు పక్కలకు విచ్చుకుంటుంది, 24కు దిగితే మంట వేడి ఫిల్టర్‌ను కాల్చుతుంది. వెడల్పు పొయ్యికి తగ్గకూడదు. మూడు నాలుగు బర్నర్ల పొయ్యి మీద 60 సెంటీమీటర్ల చిమ్నీ పెడితే చివరి బర్నర్ల పొగ దానికి అందదు, 90 కావాలి. ఆ తర్వాత గోడ ఫ్యాన్. వంట చేసేవాళ్లకు చెమట పట్టకుండా పక్కనుంచి వీచే ఫ్యాన్, నిటారుగా లేచే పొగను చిమ్నీ నోటికి అందకుండా చెదరగొడుతుంది. పొయ్యి పక్క కిటికీ తెరిచినా అదే తంతు. చిమ్నీ నడిచేటప్పుడు దగ్గరి కిటికీ మూసి, దూరపు తలుపో కిటికీయో తెరవాలి. గాలి బయటికి పోవాలంటే అంతే గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. అన్నీ బిగించి కూర్చుంటే 1400 చిమ్నీ కూడా ఊపిరాడనట్టు తిరుగుతుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఉంటే రెండూ ఒకేసారి వెయ్యకండి. ఒకటి లాగే గాలిని ఇంకోటి గుంజుకుంటుంది, ఒక్కోసారి చిమ్నీ గొట్టంలోంచే గాలి వెనక్కి వస్తుంది.

ఈ లోపలి గాలి లెక్క గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్లలో ప్రాణం మీదికొచ్చే సంగతి. బిగించిన ఇంట్లో పెద్ద చిమ్నీ లాగుతుంటే, గీజర్ గొట్టంలోంచి బయటికి పోవలసిన కాలిన వాయువు ఇంట్లోకే తిరగబడొచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే నివాస గృహాల కోడ్‌లో, ఇలాంటి గ్యాస్ పరికరాలున్న ఇంట్లో వంటింటి హుడ్ నిమిషానికి 400 ఘనపు అడుగులకు మించి లాగేదైతే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని నియమం. మన 1200 ఘనపు మీటర్ల చిమ్నీ కాగితం మీద నిమిషానికి 700 ఘనపు అడుగులు. మనకు ఆ ఏర్పాటంటే ఒక కిటికీ తెరిచి ఉంచడం, అంతే. అదైనా చెయ్యాలి.

అదే అమెరికాలో అద్దె ఇళ్లలో ఉండే మనవాళ్లకు వేరే బాధ. అక్కడ పొయ్యి మీద చాలా చోట్ల ఉండేది, పొగను బయటికి పంపకుండా బొగ్గు ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ మొహానికే ఊదే రకం. పోపు పెడితే స్మోక్ అలారం మోగేది అందుకే. ఇక్కడ కూడా ‘గొట్టం అక్కర్లేని చిమ్నీ’ అని అమ్ముతున్నారు. బొగ్గు వాసనను కొంత పీలుస్తుంది, వేడినీ ఆవిరినీ పీల్చదు. ఆ ఫిల్టర్ కడిగితే బాగుపడదు, మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి. మిర్చి వేగే ఇంటికి అది దండగ.

వాడకంలో ఒక చిన్న మాట. పోపులో ఎండుమిర్చి పడ్డాక పరుగెత్తి బటన్ నొక్కితే ఆలస్యమైపోయినట్టే. పొయ్యి వెలిగించే ముందే రెండు నిమిషాలు చిన్న స్పీడులో నడిపితే గాలి ఒక దారిలో పడుతుంది. పోపుకు పెద్ద స్పీడు, ఉడికేటప్పుడు మళ్లీ చిన్నది, దించాక పది నిమిషాలు అలాగే వదలాలి. గొట్టంలో మిగిలిన ఆవిరి అక్కడే చల్లబడి అంటుకోకుండా బయటికి పోతుంది.

కొత్త ఇల్లు కొనేవాళ్లు, మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవాళ్లు చిమ్నీ మోడల్ ఎంచుకునే ముందు గోడ కన్నం కొలవండి. 6 అంగుళాల గొట్టానికి 7 అంగుళాల కన్నం కావాలి. లేకపోతే మెషీన్‌తో గుండ్రంగా కోసే కోర్ కటింగ్ చేయించాలి, ఇటుక గోడలోనే, బీమునూ స్తంభాన్నీ ముట్టకుండా. బీము అడ్డమొస్తే కన్నాన్ని కిందికి దించండి, బీములో ఊచ తెగితే చిమ్నీ కంటే పెద్ద రిపేరు. పొయ్యిని అందం కోసం గోడ మధ్యకు జరపమని డిజైనర్ చెబితే, గొట్టం ఎన్ని అడుగులు పెరుగుతుందో, ఎన్ని మలుపులు తిరుగుతుందో గీసి చూపించమనండి. అటకలో గొట్టానికి 8 అంగుళాల ఖాళీ వదలమని కార్పెంటర్‌కు ముందే చెప్పండి, లేదంటే డబ్బాలు పట్టక గొట్టాన్నే నొక్కేస్తాడు. గొట్టం మెడకు ఎదురుగా ఒక చెక్క పలక విడిగా వచ్చేలా పెట్టించుకోండి. దానికి మేకులు కొట్టొద్దు, నాలుగు మూలలా స్క్రూలు పెట్టమనండి.